చికాగో గోదాముల నుంచి హే మార్కెట్ దాకా: రైతు, కార్మికుడు, వలస కూలీ

(మే డే సందర్భంగా సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మే డే కార్మికుల పండుగ కదా, రైతు సంఘానికి దానితో ఏం పని అని మన కమిటీల్లో అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. అర్ధరాత్రి కరెంటు వస్తే లేచి మోటారు వేసేవాడికి ఎనిమిది గంటల పని దినం గురించి చెబితే నవ్వు రాక ఏమొస్తుంది? దీనితోపాటే ఇంకో ప్రశ్న కూడా నడుస్తోంది. పత్తి ఏరే కూలి రేటు మీద ఊళ్లలో రైతుకీ కూలీకీ పేచీ. నాట్లకు బీహార్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చే ముఠాల మీద మన ఊరి కూలీలకు కోపం. మిల్లుల్లో బయటి రాష్ట్రం హమాలీలు వచ్చారని ఇక్కడి హమాలీల బాధ. సంఘం ఎటు నిలబడాలి?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకాలంటే మే డే పుట్టిన చోటుకు పోవాలి. అది అమెరికాలోని చికాగో నగరం. కాలం 1886. ఆనాటి అమెరికాలో సగానికి పైగా జనం పల్లెల్లోనే ఉన్నారు. ఆ చికాగో పెరిగింది కూడా రైతు పంట మీదే. మే డే కథలో రైతు లేడని మనకు ఎవరూ చెప్పలేదు గానీ, ఉన్నాడనీ ఎవరూ చెప్పలేదు. ఈ రోజు నేను చెప్పబోయేది ఆ భాగం.

ముందు నాలుగు లెక్కలు వినండి. 1860లో అమెరికా జనాభా 3 కోట్ల 14 లక్షలు. 1900 నాటికి 7 కోట్ల 60 లక్షలు. 1860లో నూటికి 20 మంది పట్టణాల్లో ఉంటే, 1900కి 40 మంది అయ్యారు. రైలు మార్గం 30 వేల మైళ్ల నుంచి లక్షా 90 వేల మైళ్లు దాటింది. చికాగో 1850లో 30 వేల మంది ఉన్న ఊరు. 1870లో 3 లక్షలు, 1890లో 11 లక్షలు, 1900లో దగ్గర దగ్గర 17 లక్షలు. మధ్యలో 1871లో ఊళ్లో పెద్ద భాగం కాలిపోయింది కూడా. ఒక మనిషి జీవితకాలంలో పెద్ద పల్లె లాంటిది మహానగరం అయింది.

ఎవరి సొమ్ముతో అయింది? ఇది మొదట తేలాలి.

1862లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఖాళీ భూమి మీద అయిదేళ్లు కాపురముండి సాగు చేస్తే 160 ఎకరాలు నీదే అంది. ఆ భూమి అక్కడి ఆదివాసుల నుంచి లాక్కున్నది, ఆ సంగతి మరిచిపోకూడదు. లక్షల కుటుంబాలు పడమటికి పోయి దున్నాయి. 1870లో 26 లక్షల పైచిలుకు ఉన్న కమతాలు 1900 నాటికి 57 లక్షలు దాటాయి. పంట విరగపండింది. మరి రైతు బాగుపడ్డాడా? 1870ల మొదట్లో బుషెల్ గోధుమలు, అంటే మన లెక్కలో 27 కిలోలు, ఒక డాలరు పలికేవి. 1894 నాటికి అవే గోధుమలు అర డాలరు. పత్తి కూడా అంతే, పౌను 10 సెంట్ల పైన ఉన్నది 1894లో 5 సెంట్ల లోపుకు పడింది.

ధర సగమైతే అప్పు రెట్టింపు అయినట్టే. వెయ్యి డాలర్లు అప్పు తెచ్చిన రోజున వెయ్యి బుషెళ్లు అమ్మితే తీరేది. ఇరవై ఏళ్లు పోయాక అదే అసలు తీర్చడానికి రెండు వేల బుషెళ్లు కావాలి. కాగితం మీద అంకె మారలేదు. రైతు కష్టం మాత్రం రెండింతలైంది. దేశంలో డబ్బును బంగారానికి ముడిపెట్టి, పంట పెరిగినంతగా డబ్బు చలామణి పెరగనివ్వలేదు. అప్పిచ్చినవాడికి అది లాభం, అప్పు తెచ్చినవాడికి ఉరి. 1880లో నూటికి 26 కమతాలు కౌలువి. 1900కి నూటికి 35. ఉచితంగా భూమి పంచిన దేశంలో కౌలుదార్లు పెరిగారు.

ఇక చికాగో సంగతికి వద్దాం. పంట చికాగోకు చేరాలంటే రైలు ఒక్కటే దారి. చాలా ఊళ్లకు ఒకే కంపెనీ రైలు. అది చెప్పిందే కిరాయి. పోటీ ఉన్న దూరపు ఊరి కంటే పోటీ లేని దగ్గర ఊరికి ఎక్కువ కిరాయి గుంజేవాళ్లు. సరుకు చికాగోలో దిగితే అక్కడ ఎలివేటర్లు అని పేరున్న భారీ గోదాములు. వాటిలోకి పోయాక ఏ రైతు గింజ ఏదో తెలియదు. గ్రేడు కట్టి ఒకే గుట్టలో కలిపేసి, చేతికి రసీదు ఇస్తారు. గ్రేడు తేల్చేది గోదాము పక్షం మనిషి. మొదటి రకాన్ని రెండో రకం కింద రాస్తే అడిగే దిక్కులేదు. తేమ ఎక్కువ, తాలు ఎక్కువ, తరుగు తీస్తాం అనే మాటలు మన యార్డుల్లో పుట్టినవి కావు తమ్ముళ్లూ, చాలా పాతవి. ఆ రసీదుల మీద చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో బేరాలు నడిచేవి. ఇంకా పొలంలో ఉన్న పంటకు కూడా అక్కడ ముందే బేరం అయిపోయేది. ఒక్క గింజ పండించనివాడు రోజుకు వేల బుషెళ్లు కొని అమ్మేవాడు.

రైతులు ఊరుకోలేదు. 1867లో గ్రేంజ్ అనే సంఘం మొదలైంది. 1875 నాటికి 8 లక్షల మందికి పైగా సభ్యులు. వాళ్ల ఒత్తిడితో ఇల్లినాయిస్ రాష్ట్రం 1871లో గోదాముల కిరాయికి హద్దు పెట్టింది, గ్రేడు చూడడానికి ప్రభుత్వ తనిఖీదార్లను పెట్టింది. గోదాము యజమానులు సుప్రీంకోర్టు దాకా పోయారు. 1877లో మన్ వర్సెస్ ఇల్లినాయిస్ కేసులో కోర్టు రైతుల పక్షాన తీర్పిచ్చింది. జనం అవసరంతో ముడిపడిన వ్యాపారానికి జనం ప్రభుత్వం హద్దులు పెట్టవచ్చు అంది. ఇది రైతులు సాధించిన పెద్ద గెలుపు. అయితే 1886లో అదే కోర్టు రాష్ట్రాలు దాటే రైళ్ల కిరాయి మీద రాష్ట్రానికి అధికారం లేదని చెప్పి, గెలుపులో సగం వెనక్కి లాక్కుంది.

ఇప్పుడు చికాగో ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లు ఎవరో చూద్దాం. 1890 నాటి చికాగోలో నూటికి 40 మంది వేరే దేశంలో పుట్టినవాళ్లు. జర్మన్లు, ఐరిష్‌వాళ్లు, పోలెండ్, బొహీమియా, స్వీడన్ జనం. ఒక్క 1880 నుంచి 1890 లోపే 50 లక్షల మందికి పైగా అమెరికాలో దిగారు. తర్వాత పదేళ్లలో ఇంకో 36 లక్షల పైన. 1892 జనవరి 1న న్యూయార్క్ రేవులో ఎల్లిస్ ఐలాండ్ కేంద్రం తెరిచింది వీళ్లను నమోదు చేయడానికే.

వీళ్లు ఎందుకు ఊళ్లు వదిలారు? చాలా కారణాలున్నాయి. ఐర్లండ్‌లో భూస్వాముల కౌళ్లు, తూర్పు ఐరోపాలో యూదుల మీద దాడులు, ముక్కలైపోయిన భూములు. కానీ రైతు సంఘం సభ్యులుగా మనం గట్టిగా గుర్తు పెట్టుకోవాల్సిన కారణం ఒకటుంది. రైలు, ఆవిరి ఓడ వచ్చాక అమెరికా గోధుమలు చవగ్గా ఐరోపా మార్కెట్లో పడ్డాయి. రష్యా గోధుమలూ పడ్డాయి. సూయజ్ కాలువ తెరిచాక మన దేశం గోధుమలు కూడా పోయాయి. అక్కడి చిన్న రైతు ఆ ధరకు తట్టుకోలేకపోయాడు. ఎకరమో రెండెకరాలో అమ్ముకుని ఓడెక్కాడు.

అంటే ఏమైందో చూడండి. ఇక్కడ డకోటాలో, కాన్సాస్‌లో ధర రాక రైతు నష్టపోయాడు. ఆ చవక ధాన్యం పోయి అక్కడ పోలెండ్ రైతును ముంచింది. మునిగినవాడు వచ్చి చికాగో ఫ్యాక్టరీ గేటు ముందు కూలి కోసం నిలబడ్డాడు. ఇద్దరూ రైతులే. ఇద్దరినీ ముంచింది ఒకే మార్కెట్. ఒకడికి ఇంకా భూమి కాగితం ఉంది, ఇంకొకడికి లేదు. అంతే తేడా.

ఆ కూలి బతుకు ఎలా ఉండేది? రోజుకు పది గంటలు మామూలు, ఉక్కు మిల్లుల్లో పన్నెండు గంటలు. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఒక వార్డులో 1890 ప్రాంతంలో ఎకరానికి 500 మందికి పైగా ఉన్నారు. ఎకరం అంటే ఎంతో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఎకరంలో ఒక చిన్న పల్లె జనం అంతా, అంతస్తుల మీద అంతస్తులుగా, గాలీ వెలుతురూ లేని గదుల్లో ఉన్నారన్నమాట. డెన్మార్క్ నుంచి తానూ వలస వచ్చిన జేకబ్ రీస్ అనే విలేఖరి ఆ గదుల ఫోటోలు తీసి 1890లో పుస్తకం వేస్తే దేశం ఉలిక్కిపడింది. చికాగోలో మురుగంతా ఏటిలోకి, ఏరు మిషిగన్ సరస్సులోకి, తాగే నీళ్లు అదే సరస్సు నుంచి. 1900లో కాలువ తవ్వి ఏటి నీటిని వెనక్కి తిప్పేదాకా అంతే.

ఇప్పుడు మే డే. 1886 మే 1న దేశమంతటా 3 లక్షల మందికి పైగా కార్మికులు ఎనిమిది గంటల పని దినం కోసం పని ఆపారు. చికాగోలో పెద్ద కేంద్రం. మే 3న గొడవ జరిగింది ఎక్కడో తెలుసా? మెకార్మిక్ కంపెనీ ఫ్యాక్టరీ దగ్గర. ఆ ఫ్యాక్టరీ తయారు చేసేది రైతుకు కావాల్సిన కోత యంత్రాలు. పడమటి రైతు వాయిదాల మీద, అప్పు మీద కొన్న యంత్రం అదే. అక్కడ యూనియన్‌ను విరగ్గొట్టడానికి ఫిబ్రవరిలోనే పాత కార్మికులను బయటికి నెట్టి, పోలీసు కాపలాతో కొత్తవాళ్లను పెట్టుకున్నారు. ఆ రోజు దగ్గర్లో మీటింగు పెట్టుకున్నది కలప అడితీల కూలీలు. మైదానాల్లో రైతుల ఇళ్లకు పోయే కలప దించేవాళ్లు. షిఫ్టు దిగినప్పుడు గేటు దగ్గర తోపులాట జరిగింది, పోలీసులు కాల్చారు, కార్మికులు చనిపోయారు.

దానికి నిరసనగా మే 4 రాత్రి హే మార్కెట్ చౌరస్తాలో సభ. హే మార్కెట్ అంటే గడ్డి సంత. సభ అయిపోవచ్చి, జనం చాలావరకు వెళ్లిపోయాక పోలీసు పటాలం వచ్చింది. ఎవరో బాంబు వేశారు. ఎవరు వేశారో ఇప్పటికీ తేలలేదు. పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు పోలీసులు, కనీసం నలుగురు పౌరులు చనిపోయారు. ఎనిమిది మందిని పట్టుకుని విచారించారు. బాంబు వాళ్లు వేశారని రుజువు కాలేదు, వాళ్ల మాటలకూ రాతలకూ శిక్ష వేశారు. 1887 నవంబరు 11న పార్సన్స్, స్పైస్, ఫిషర్, ఎంగెల్‌లను ఉరి తీశారు. లింగ్ అంతకు ముందు రోజే జైల్లో చనిపోయాడు. ఎనిమిది మందిలో అయిదుగురు జర్మనీలో పుట్టినవాళ్లు, ఒకడు ఇంగ్లండ్‌లో. పత్రికలు రాసిందేమిటంటే, ఇది పరదేశీయుల పని, మన దేశం కార్మికుడు బుద్ధిమంతుడు అని. ఆ మాట పల్లెల దాకా పోయింది. చాలామంది రైతులు నమ్మారు కూడా.

1893లో ఇల్లినాయిస్ గవర్నర్ ఆల్ట్‌గెల్డ్, ఆయనా జర్మనీలో పుట్టినవాడే, ఆ విచారణ అన్యాయమని రాసి, మిగిలిన ముగ్గురినీ విడుదల చేశాడు. తన రాజకీయ జీవితానికి దెబ్బ అని తెలిసే చేశాడు. 1889లో పారిస్‌లో కూడిన అంతర్జాతీయ కార్మిక మహాసభ నిర్ణయంతో 1890 నుంచి మే 1 ప్రపంచ దినం అయింది. మన దేశంలో 1923లో మద్రాసులో సింగారవేలు చెట్టియార్ మొదటిసారి జరిపారు.

ఇంతవరకు చెప్పింది విన్నాక, రైతూ కార్మికుడూ కలిస్తే సరిపోయేది కదా అనిపిస్తుంది. ఎందుకు కలవలేకపోయారు? నేను ఈ రోజు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. మూడు చోట్ల విరిగింది.

మొదటిది, బయటివాడి పేరు మీద. ఖండం దాటే మొదటి రైలు మార్గం 1869లో పూర్తయింది. పడమటి వైపు కొండలు తొలిచింది పది వేల మందికి పైగా చైనా కూలీలు. తెల్ల కూలీ కంటే వాళ్లకు జీతం తక్కువ. రైలు పని అయ్యాక కాలిఫోర్నియాలో నదీ లంకలకు కట్టలు పోసి పంట భూములు చేసింది కూడా వాళ్లే. కూలి రేటు వాళ్ల వల్ల పడిపోతోందని తెల్ల కార్మికుల్లో కోపం రేగింది. జీతం తక్కువ ఇచ్చిన కంపెనీని వదిలి, జీతం తక్కువ తీసుకున్నవాడి మీద పడ్డారు. 1882లో చైనా కూలీలు రాకూడదని చట్టం తెచ్చారు. 1885 సెప్టెంబరు 2న వ్యోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్ బొగ్గు గనుల దగ్గర తెల్ల గని కార్మికులు కనీసం 28 మంది చైనా కార్మికులను చంపేశారు, వాళ్ల గుడిసెలు తగలబెట్టారు. చంపినవాళ్లలో ఎవరికీ శిక్ష పడలేదు. జీతాలు పెరిగాయా? లేదు. గని రైలు కంపెనీ చేతిలోనే ఉంది, సైన్యం కాపలాతో పని మళ్లీ మొదలైంది.

ఆ చట్టం 1943 దాకా ఉంది. అక్కడితో ఆగలేదు. 1917లో ఇంకో చట్టంతో మన దేశంతో సహా ఆసియాలో చాలా భాగం నుంచి వలస ఆపేశారు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో భారతీయులకు పౌరసత్వం తగదని సుప్రీంకోర్టు చెప్పింది. 1965లో చట్టం మారాకనే మనవాళ్లకు ఆ తలుపు సరిగ్గా తెరుచుకుంది. ఈ రోజు మన ఊళ్లలో ఎకరం అమ్మో, కుదువ పెట్టో పిల్లల్ని అమెరికా పంపినవాళ్లు ఉన్నారు. వీసా గురించి అక్కడి నాయకుడు ఒక మాట అంటే ఇక్కడ తల్లికి నిద్ర పట్టదు. ‘మా పనులు తక్కువ జీతానికి లాక్కోవడానికి వచ్చారు’ అని అక్కడ మన పిల్లల్ని అంటున్న మాట, ఇక్కడ నాట్ల ముఠాను మనం అంటున్న మాట, రెండూ ఒకటే.

రెండోది, పనిలో మెట్ల మీద. 1892లో పెన్సిల్వేనియాలో హోమ్‌స్టెడ్ అనే ఊళ్లో కార్నెగీ ఉక్కు మిల్లు. 3,800 మంది కార్మికుల్లో యూనియన్‌లో ఉన్నది 800 మంది నైపుణ్యం ఉన్నవాళ్లే. తూర్పు ఐరోపా నుంచి వచ్చిన మామూలు కూలీలకు అందులో చోటు లేదు. అయినా సమ్మెలో వాళ్లు కలిసి నిలబడ్డారు. జులై 6న కంపెనీ తెచ్చిన 300 మంది పింకర్టన్ ప్రైవేటు సిపాయిలతో తెల్లవారుజాము నుంచి సాయంత్రం దాకా పోరాటం జరిగింది. రెండు వైపులా కలిపి పది మంది దాకా చనిపోయారు. చివరికి రాష్ట్ర సైన్యం దిగింది, యూనియన్ విరిగిపోయింది. 1930ల దాకా ఆ పరిశ్రమలో మళ్లీ యూనియన్ లేవలేదు. రెండేళ్ల తర్వాత చికాగో దగ్గర పుల్మన్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో జీతాలు నాలుగో వంతు కోసి, కంపెనీ ఇళ్ల అద్దె మాత్రం తగ్గించలేదు. యూజీన్ డెబ్స్ నాయకత్వంలో రైల్వే కార్మికులు లక్షకు పైగా పని ఆపారు. ఆ యూనియన్ కూడా నల్లవాళ్లను చేర్చుకోకూడదని కొద్ది ఓట్ల తేడాతో తీర్మానించుకుంది. బయట ఉంచినవాళ్లలో కొందరిని కంపెనీలు పనిలో పెట్టుకున్నాయి. కేంద్రం సైన్యం పంపింది. కోర్టు ఏ చట్టం వాడిందో తెలుసా? పెద్ద కంపెనీల గుత్తాధిపత్యం అణచమని రైతులు కోరితే 1890లో వచ్చిన షెర్మన్ చట్టం. కంపెనీల కోసం చేసిన కొరడా కార్మికుల వీపు మీద పడింది. డెబ్స్‌కు ఆరు నెలల జైలు.

మూడోది మనకు మరీ దగ్గరిది. ఇది పత్తి రైతు కథ. దక్షిణాది రాష్ట్రాల్లో 1865లో బానిసత్వం పోయింది. 40 లక్షల మంది నల్లవాళ్లకు స్వేచ్ఛ వచ్చింది, భూమి రాలేదు. వాళ్లు పాలు కౌలుకు చేశారు. చిన్న తెల్ల రైతులూ అప్పుల్లో పడి అదే స్థితికి వచ్చారు. ఊళ్లో ఒక షావుకారు దుకాణం. విత్తనం, ఎరువు, పిండి, బట్ట అన్నీ అక్కడే అరువు. పండబోయే పంటే తాకట్టు. అరువు ధర వేరు, నగదు ధర వేరు, ఆ తేడాను వడ్డీగా లెక్కగడితే ఏడాదికి నూటికి 40, 50 దాకా పోయేది. పత్తి తప్ప వేరే పంట వేయనిచ్చేవాడు కాదు. మీలో చాలామందికి ఇది చరిత్ర పాఠంలా అనిపించదని నాకు తెలుసు.

టెక్సాస్‌లో పుట్టిన రైతు కూటమి, ఫార్మర్స్ అలయన్స్, దీని మీద లేచింది. కలిసి కొందాం, కలిసి అమ్ముదాం అన్నారు. 1888లో పత్తి బేళ్లకు చుట్టే గోనెపట్టా ధరను కంపెనీలు కూడబలుక్కుని ఇంచుమించు రెట్టింపు చేశాయి. ఆ జనపనార పోయేది మన బెంగాల్ నుంచే. రైతులు గోనె మానేసి నూలు గుడ్డ చుట్టి, ఆ కూటమిని దిగొచ్చేలా చేశారు. 1889లో మకూన్ అనే నాయకుడు ఒక పథకం పెట్టాడు. ప్రభుత్వమే గోదాములు కట్టాలి, రైతు పంట దాచుకుంటే విలువలో నూటికి 80 వంతులు నామమాత్రపు వడ్డీకి అప్పివ్వాలి, ధర వచ్చినప్పుడు అమ్ముకోనివ్వాలి. ఈ రోజు మన యార్డుల్లో పంట తాకట్టు రుణం, గిడ్డంగి రసీదు మీద అప్పు అంటున్నామే, అదే ఆలోచన.

ఇంత తెలివైన సంఘం ఎక్కడ తప్పటడుగు వేసింది? నల్ల రైతులకు వేరే సంఘం పెట్టాల్సి వచ్చింది, కలర్డ్ ఫార్మర్స్ అలయన్స్ అని. అందులో ఉన్నది ఎక్కువగా పాలు కౌలుదార్లు, కూలీలు. 1891లో వాళ్లు పత్తి ఏరే కూలి పెంచమని, వంద పౌన్లకు ఒక డాలరు ఇమ్మని సమ్మెకు పిలుపిచ్చారు. అప్పటి రేటు 50 సెంట్ల దరిదాపుల్లో ఉంది. తెల్ల అలయన్స్ అధ్యక్షుడు పోక్ పత్రిక ఏమందంటే, 50 సెంట్లకు మించి ఇవ్వడం కంటే పత్తిని చేలోనే వదిలేయండి అంది. అర్కాన్సాలోని లీ కౌంటీలో సమ్మె చేసినవాళ్లను వేటాడి పదిహేను మంది దాకా చంపారు. సమ్మె నాయకుడు బెన్ ప్యాటర్సన్ కూడా అందులో పోయాడు. కూలి పెంచితే రైతుకు గిట్టదు, అది నిజమే. పౌను పత్తి ఎనిమిది సెంట్లు కూడా పలకని రోజులవి. కానీ అప్పుడు రైతు చూడాల్సింది పత్తి ధర కొట్టేసిన చేతి వైపు. చూసింది పత్తి ఏరే చేతి వైపు. తర్వాత పదేళ్లలో దక్షిణాదిలో ఓటుకు పన్ను, చదువు పరీక్ష పెట్టి నల్లవాళ్ల ఓటు తీసేశారు. ఆ పన్ను కట్టలేక పేద తెల్ల రైతుల ఓటూ పోయింది. వేరేవాడి కోసం తవ్విన గోతిలో తాను కూడా పడ్డాడు.

ఇక రాజకీయం. 1892 జులై 4న ఒమాహాలో రైతులు పీపుల్స్ పార్టీ ప్రణాళిక ప్రకటించారు. రైల్వేలు ప్రభుత్వపరం కావాలి, ఆదాయం పెరిగేకొద్దీ పన్ను పెరగాలి, పోస్టాఫీసుల్లో పొదుపు ఖాతాలు, గోదాముల పథకం. పని గంటలు తగ్గించాలన్న కార్మికుల కోరికకూ, పింకర్టన్ల మీద నిరసనకూ అందులో చోటిచ్చారు. మంచిదే. అదే తీర్మానాల్లో బయటి దేశాల దరిద్రులనూ నేరస్తులనూ దేశంలోకి వదిలి మన కూలీల పనులు పోగొడుతున్నారనే మాట కూడా రాశారు. చికాగో కార్మికుల్లో సగం మంది ఆ ‘బయటి దేశాల దరిద్రులే’ కదా. మనల్ని తిట్టే పార్టీకి ఓటెందుకు వేస్తాం అనుకున్నారు. ఆ ఎన్నికలో వీవర్‌కు 10 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి, ఎక్కువగా పల్లెల నుంచి. 1896లో బ్రయన్ నిలబడ్డాడు. పంట ధర పెరగాలని రైతు కోరిక, రొట్టె ధర పెరగకూడదని కార్మికుడి కోరిక. ఈ ముడిని ఎవరూ విప్పి చెప్పలేదు. బ్రయన్ గెలిస్తే ఫ్యాక్టరీ మూతపడుతుందని యజమానులు బెదిరించారు. పరిశ్రమలున్న రాష్ట్రాలన్నీ అటు పోయాయి. బ్రయన్ ఓడిపోయాడు, రైతు పార్టీ చితికిపోయింది.

అయినా పోరాటం వృథా పోలేదు. 1913లో ఆదాయపు పన్ను, సెనేటర్లను నేరుగా ఎన్నుకునే హక్కు వచ్చాయి. 1916లో గిడ్డంగుల చట్టం వచ్చింది. 1933 తర్వాత పంట మీద ప్రభుత్వ రుణం వచ్చింది. 1938లో కనీస వేతనం, పని గంటల చట్టం వచ్చింది. అయితే ఆ 1938 చట్టంలో వ్యవసాయ కూలీలను చేర్చలేదు. పోరాటంలో ఎవరి చెయ్యి ఎవరూ పట్టుకోలేదో, పంపకంలో వాళ్లకు విస్తరి వేయలేదు.

ఇప్పుడు మన సంగతి. రైతుకీ కూలీకీ మధ్య పేచీ లేదని నేను అనను. రేటు దగ్గర బేరం ఉంటుంది, ఉండనివ్వండి. అది ఊళ్లో కూర్చుని తేల్చుకోవచ్చు. కూలి పెరిగితే ఆ పెరిగింది మద్దతు ధర లెక్కలో చేర్చమని ప్రభుత్వాన్ని అడగాలి. పూర్తి ఖర్చు మీద యాభై శాతం కలిపి ధర ఇవ్వమని మనం అడుగుతున్నప్పుడు ఆ ఖర్చులో కూలి ఒక పెద్ద పద్దు. కూలీ రేటు తొక్కితే మన ఖర్చు పద్దు కూడా తగ్గుతుంది, దాంతో మద్దతు ధర అడిగే బలమూ తగ్గుతుంది. రైతూ కూలీ కలిసి అడిగే లెక్క ఇదొక్కటే.

అందుకని ఈ తరగతి తరఫున మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, ఈ పత్తి సీజను మొదలు కాకముందే ప్రతి ఊళ్లో రైతులు, కూలీలు, ముఠా మేస్త్రీలు కలిసి కూర్చుని ఏరే రేటు ముందుగా ఖరారు చేసుకోవాలి. ఆ కాగితం మీద ఆడకూలీల ప్రతినిధి సంతకం ఉండాలి, ఎందుకంటే ఏరేది వాళ్లే. రెండు, బయటి రాష్ట్రం నుంచి వచ్చే నాట్ల ముఠాలకూ, మిల్లు హమాలీలకూ మన కూలీల రేటే ఇవ్వాలని సంఘం చెప్పాలి. తక్కువకు వస్తారు కాబట్టి వాళ్లను పిలవడం, తక్కువకు వచ్చారు కాబట్టి వాళ్లను కొట్టడం, రెండూ మానాలి. ఒకే రేటు అయితే తగాదాకు మూలమే ఉండదు. వాళ్లలో చాలామంది రెండెకరాల లోపు రైతులే, ఊళ్లో గిట్టక వచ్చినవాళ్లే. మూడు, యార్డులో తేమ, తరుగు, గ్రేడు తనిఖీకి మనం చేసే ధర్నాలో హమాలీ సంఘాన్ని పిలవాలి. కాంటా దగ్గర ఏం జరుగుతుందో మన కంటే వాళ్లకే బాగా తెలుసు.

ఈ మూడింటి మీద రేపటి నుంచి మండలాల వారీగా చర్చ పెట్టండి. ఒప్పుకోనివాళ్లు ఉంటారు, వాళ్ల మాట కూడా రాసుకుని రండి. వచ్చే నెల జిల్లా కమిటీలో తీర్మానం చేద్దాం.

మే డే అమరులకు జోహార్లు చెబుతూ సెలవు తీసుకుంటున్నాను.